నిలువెత్తు బంగారం మోసిన చక్రం

పోయిన వారం జనగామలో ఒక చార్జింగ్ బండ్ల, అదే కరెంటు స్కూటర్ల, దుకాణం ముందు ఆగాను. కొనడానికి కాదు. ఎక్కడ కొత్త బండి కనబడినా వంగి టైరు పక్కన అచ్చేసిన అంకెలు చదవడం నాకు అలవాటు. అలా గొంతుక్కూర్చుని చదువుతుంటే ఒక అమ్మాయి వచ్చింది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. బండి రంగు అడగలేదు, ఎంత దూరం పోతుందని అడగలేదు. అమ్మేవాడి దగ్గరికి పోయి, పక్కవాళ్లకు వినబడకుండా అడిగింది.

"అన్నా, నా అంత మనిషి కూసుంటె చక్రాలు ఆగుతయా?"

అతను ఆమెను కింది నుంచి మీది దాకా చూసి, జవాబు కోసం గోడ వైపు చూశాడు. నేనైతే ఉండబట్టలేక కింద నుంచే అందుకున్నాను. ఆగుతయి బిడ్డా, మంచిగ మోస్తయి, ఏ చక్రం, ఎట్ల కట్టిన చక్రం అన్నదే చూడాలె అని మొదలుపెట్టి, టైరు మీద సైజు తర్వాత ఉండే చిన్న అంకె బరువుకు గుర్తని, దాని పక్క అక్షరం వేగానికి గుర్తని, వెనక చక్రం మధ్యలో మోటారు ఉన్న బండి అయితే ఆ చక్రానికి పని ఎక్కువని గబగబా చెప్పేశాను. ఆ పిల్ల నవ్వింది. "నువ్వు మెకానిక్‌వా పెదనాయినా?" అంది.

కాదు. మహబూబాబాద్ స్టేషన్ పక్కన నాది సైకిల్ స్టాండు. రైలెక్కేవాళ్లు బండి పెట్టిపోతే చీటీ రాసిస్తాను. పదో తరగతితో బడి ఆగింది. మిగతా చదువంతా లైబ్రరీలోనే. కానీ చక్రం గురించి నాకు తెలిసిందంతా ఒకే ఒక మనిషి కోసం చదివింది. తిరుగు బస్సులో తొర్రూరు దాటేదాకా ఆ మనిషే కళ్ల ముందు కూర్చుంది. పోయిన వానాకాలంలో చనిపోయింది. మేమంతా గాజులవ్వ అనేవాళ్లం.

గాజులవ్వ రైలు దిగి వస్తుంటే స్టేషన్ గేటు నిండిపోయేది. భుజాన మలారం, అంటే తాళ్లకు గుచ్చిన గాజుల వరుసలన్నీ కట్టిన పెద్ద మూట. ఇంకో చేతిలో సంచి. నా రేకుల కిందికి వచ్చి చెక్కబల్ల మీద కూర్చునేది. బల్ల మూలిగేది. "దీనికి గూడ మోకాళ్ల నొప్పులే" అని తానే అనేది, ఇంకొకరు అనకముందే.

ఎవరితోనైనా మాట మొదలుపెట్టే ముందు ఆమె చేయి పట్టుకునేది. పేరు తర్వాత. బొటనవేలి కింది కండను రెండు వేళ్లతో నొక్కి, మణికట్టు తిప్పి చూసి, సైజు చెప్పేది. మొదటి రోజే నా చేయి పట్టుకుని, "రెండు ఎనిమిది. ఏం చేస్తం, మొగపిలగానివైపోతివి" అంది. ఆ రోజు నుంచి నా పేరు రెండెనిమిది. పెద్దవంగర, దంతాలపల్లి చుట్టుపక్కల ఊళ్లూ తండాలూ అన్నీ ఆమెకు సైజుల్లోనే గుర్తు. దంతాలపల్లిలో రెండు నాలుగు పిల్లకు లగ్గం కుదిరింది, పెద్దవంగర రెండు ఆరు కోడలు నీళ్లోసుకుంది, ఇట్లా ఉండేవి ఆమె వార్తలు.

గాజు వేసేటప్పుడు పిల్లలు బిగుసుకుపోతే ఒకటే మాట: "చేయి మెత్తగ పెట్టు బిడ్డా. మనసుల ఉన్నది చేతిల పెట్టకు." ఆ మాట అంటూనే గాజు ఎక్కించేసేది. వేలి కణుపుల దగ్గర అది ఎట్లా దాటిందో చూసేవాళ్లకు తెలిసేది కాదు.

ఇంకో సంగతి నాకు చాలా రోజులకు అర్థమైంది. కొత్తగా కాపురానికి పోయిన పిల్ల చేయి చిక్కి ఒక సైజు దిగితే ఆమె అక్కడ ఏమీ అనేది కాదు. గాజులు వేసి వచ్చేసేది. మళ్లీ వారంలోనే ఏదో వంకతో ఆ ఇంటికే పోయేది. "రంగు మంచిగ కుదరలే, మార్చి పోదామని వచ్చిన" అనేది. రంగు కోసం కాదు. ఆ చేతిని ఇంకోసారి పట్టుకోవడానికి. అవసరమైతే ఆ పిల్ల తల్లిగారి ఊరికి కూడా మలారం చేరేది.

ఇదంతా ఆటోల మీద నడిచేది. పెద్దవంగర దారిలో తిరిగే ఒక బక్కపలచని ఆటో డ్రైవర్ ఆమెను చూడగానే గట్టిగా అనేవాడు: "అవ్వా, నడుమ కూసో. బండి ఒరుగుతది." ఆటో అంతా నవ్వేది. ఆమె మలారం సర్దుకుంటూ, "ఒరిగితె నేను దిగి ఎత్తుత తీ. నీతోటి అయితదా?" అనేది. అప్పుడు ఇంకా ఎక్కువ నవ్వేవాళ్లు. అది సరదాగానే ఉండేది. కానీ ఆమె మోకాళ్లు ఇంకా వాచాయి, ఎక్కడానికి ఎక్కువసేపు పట్టసాగింది, ఆమె ఒక్కతే ఇద్దరి జాగా తీసుకుంటుందని లెక్కలు మొదలయ్యాయి. ఒక రోజు ఆ ఆటో సగం ఖాళీగా ఉండి కూడా "నిండింది అవ్వా" అని పోయింది. మర్నాడు ఇంకోటి. ఆమె తిరిగి నా రేకుల కిందికే వచ్చింది. బల్ల మీద కూర్చుని మలారంలోని గాజులను ఒక్కొక్కటే వేలితో తడుముతూ ఉండిపోయింది. బాధ కలిగితే ఆమె చేసేది అంతే.

"ఇంట్ల కూసోరాదు అవ్వా, ఇంకెన్ని దినాలు తిరుగుతవ్" అన్నాను నేను, తోచక.

"కూసుంట. మరి గా చేతులు ఎవరు పట్టుకొని సూస్తరు కొడుకా?" అంది.

భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేసే ఆమె తమ్ముడి కొడుకు కొత్త బండి కొనుక్కుని, తన పాత చార్జింగ్ బండిని అత్తకు పంపాడు. సైకిల్‌కు ఉన్నట్టు పుల్లల చక్రాల బండి, అంటే స్పోకులవి. చిన్నది, తేలికది, చప్పుడు లేనిది. ట్రాలీ ఆటోలో నా స్టాండు ముందే దిగింది. ఆమె దాని చుట్టూ తిరిగి, హ్యాండిల్ పట్టుకుని, మణికట్టు చూసినట్టే చూసింది. "బక్కగున్నది పాపం" అంది.

ఆ రోజంతా నాకు సంబరమే. నేను వెనక సీటు పట్టుకుని పరుగెత్తుతుంటే ఆమె గేటు దాటింది. దాటి మొదటి గుంతలో దిగింది. వెనక చక్రంలోంచి టంగ్ మంది. వెంటనే ఇంకో టంగ్. రెండు పుల్లలు తెగి చక్రం వంకర తిరిగింది. అక్కడే నిలబడి చూస్తున్న బక్క డ్రైవర్ అందుకున్నాడు: "నేను చెప్పలేదా అవ్వా, నడుమ కూసోవాలె అని."

అందరికంటే ముందు ఆమే నవ్వింది, అందరికంటే గట్టిగా. నవ్వుతూనే బండిని తోసుకుని లోపలికి తెచ్చింది. తెచ్చి బల్ల మీద కూర్చుని గాజులు తడమడం మొదలుపెట్టింది. తడుముతూనే తల ఎత్తి, "రెండెనిమిదీ, నీ లైబ్రరీల బండ్ల పుస్తకాలు ఉండయా?" అని అడిగింది.

ఒక మనిషి నన్నూ నా లైబ్రరీనీ నమ్మి ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం స్టాండు తమ్ముడికి అప్పగించి దాదాపు పరుగెత్తాను. అల్మారాలో అడుగున సైకిళ్ల తయారీ మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. చక్రం బొమ్మ దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాను. పక్కన పేపరు చదివే పెద్దమనిషి ఏమైందని అడిగాడు.

అప్పటిదాకా నేను అనుకున్నది ఏమిటంటే, చక్రంలో పుల్లలు స్తంభాల్లాగా నిలబడి బరువు మోస్తాయని. కాదు. అవి నిలబడవు, లాగిపట్టుకుంటాయి. ప్రతి పుల్లా బిగువుగా లాగబడి ఉంటేనే చక్రానికి బలం. అది నులక మంచం! నులక గట్టిగా బిగిస్తే మంచం ఎంత మనిషినైనా మోస్తుంది. ఒదులైతే బక్క మనిషి పడుకున్నా గుంత పడుతుంది. అంటే అవ్వ బరువు కంటే ముందు ఆ చక్రం ఒదులు సంగతి చూడాలి. ఈ ముక్క పట్టుకుని నేను స్టాండు పక్క మెకానిక్ దుకాణానికి పోయాను. అతను నన్ను పూర్తిగా చెప్పనిచ్చి, "నీ లైబ్రరీల చక్రం విప్పినవా ఎన్నడన్న?" అన్నాడు. కానీ మర్నాడు పొద్దున్నే విప్పాడు.

తెగిన పుల్లలు రెండూ ఒకే చోట తెగాయి, మోటారు డబ్బా దగ్గర వంపు తిరిగిన మూలలో. మిగతావి వేలితో మీటితే కొన్ని మోగాయి, కొన్ని మోగలేదు. భూపాలపల్లి పిల్లవాడు ఎన్నడూ బిగించలేదన్నమాట. అవ్వ తెగిన ముక్కను కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, "గాజు గూడ గంతే. అతుకు కాడనే పగులుతది" అంది. ఆ మాటతో మెకానిక్‌కు హుషారు వచ్చింది. తిరిగి కట్టాల్సిందేనని తేల్చాడు. లావు పుల్లలు, గట్టి రింగు, బరువు అంకె పెద్దదున్న టైరు. టైరు అంకెలు నేను చదివాను, దుకాణంలో ఉన్న టైర్లన్నిటివీ, అతను విసుక్కునేదాకా. పుల్లలు బిగించేటప్పుడు అతను ఒక్కొక్కదాన్ని మీటి, చెవి దగ్గర పెట్టి, ఏక్తార సరిచేసుకునేవాడిలా మళ్లీ బిగించాడు. నేను పక్కన కూర్చుని పుస్తకంలో ఏముందో చెబుతున్నాను. అతను వింటున్నాడో లేదో తెలియదు.

అంతా అయ్యాక అసలు ముడి పడింది.

"చక్రమైతె కట్టిన. గని ఎంత బరువుకు ఆగుతదో చూడకుండ నేను మాట ఇయ్య. అవ్వ బరువెంత?" అన్నాడు మెకానిక్.

మేమిద్దరం ఆమె వైపు చూడలేదు. మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే అది. గాజులవ్వ తూకం మిషను ఎక్కదు. మోకాళ్లకు దవాఖానకు పోతే మిషను ఎక్కమన్నారని మందు తీసుకోకుండా వచ్చేసిన మనిషి. ఒకప్పుడు స్టేషన్లో రంగు లైట్ల తూకం మిషను ఉంటే దాని ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి వచ్చేది. సమ్మక్క మొక్కు కూడా అందుకే ఆగిపోయింది. మోకాళ్లు నెమ్మదిస్తే అమ్మవారికి నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. అంటే తనంత బరువు బెల్లం. మా దగ్గర జాతరలో బెల్లాన్ని బెల్లమనరు, బంగారమే అంటారు. నెమ్మదించాయి, మళ్లీ వాచాయి, మధ్యలో జాతర వచ్చి పోయింది. తక్కెట్లో కూర్చోవాలి కదా అని ఏదో వంక చెప్పి ఆగిపోయింది.

ఇప్పుడు మళ్లీ జాతర రోజులే. బజారులో బెల్లం దుకాణాల ముందు తరాజులు వేలాడుతున్నాయి, డప్పులు మోగుతున్నాయి. ఆమె కాసేపు ఆ చప్పుడు వింది. తర్వాత మలారం బల్ల మీద పెట్టి లేచింది.

"మీకు నా బరువే కావాలె. అమ్మకు గూడ నా బరువే కావాలె. నడువుండ్రి."

దుకాణం ముందు దూలానికి కట్టిన పెద్ద తరాజు. ఆమె పసుపు పూసుకుని, బొట్టు పెట్టుకుని ఒక పళ్లెంలో కూర్చుంది. రెండో పళ్లెంలో బెల్లం దిమ్మలు పెడుతున్నారు. పెట్టారు, ఇంకా పెట్టారు. దుకాణం లోపల నుంచి ఇంకో బస్తా వచ్చింది. నేను ఆమె ముఖం వైపు చూడటానికి భయపడ్డాను. కానీ చుట్టూ ఉన్న ఆడవాళ్లు నోరు తెరుచుకుని చూస్తున్నారు, ఎగతాళిగా కాదు. ఇంత బంగారం అమ్మకు ఈ బజార్ల ఎవరు పెట్టిండ్రని ఒకరినొకరు అడుగుతున్నారు. ఒక ముసలమ్మ ముందుకొచ్చి దిమ్మలను ముట్టి కళ్లకద్దుకుంది. అప్పుడు చూశాను అవ్వ ముఖం. తరాజు మీద మహారాణిలా కూర్చుంది. వరుసలో తన తూకం కోసం ఆగిన బక్క డ్రైవర్ కనబడితే పైనుంచే పలకరించింది: "నువ్వేం తెస్తివి బిడ్డా, పిడికెడు బంగారమా?" ఈసారి నవ్వినవాళ్లు ఆమె వైపు ఉన్నారు.

ముల్లు నిలిచింది. ఎన్ని కిలోలని ఎవరూ అడగలేదు. తరాజు అంకె చెప్పదు కదా, ఇటూ అటూ సమానమని మాత్రమే చెబుతుంది. బెల్లం దుకాణపాయనకు తెలిసే ఉండాలి. ఎవరు అడిగినా "నాకు లెక్కలు రావు" అనేవాడు. ఇప్పటికీ అదే అంటాడు.

నాకప్పుడు వెలిగింది. అవ్వ బరువు అవ్వ లేకుండానే మా ముందు ఉంది! అంకె అక్కరలేదు, ఆ బెల్లమే బండి మీద పెట్టి చూడొచ్చు. గట్టిగా అనేశాను. మెకానిక్ వెనకాడాడు. అమ్మ సొమ్ముతో పరీక్షలు చేస్తరా అన్నాడు. అవ్వే తేల్చింది. "అమ్మ బంగారం జాతర బస్సు దాక పోవాలె. ఏ బండి మీద పోతె ఏంది? నా బండి మీద పోనీ."

కాళ్లు పెట్టుకునే చోట బంగారం పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. కాబట్టి దిమ్మలన్నీ సీటు మీద, వెనక క్యారియర్ మీద కట్టారు. బరువంతా వెనక చక్రం మీదికే వచ్చింది. మెకానిక్ చెప్పులు విడిచి, సీటు అంచున వాలీ వాలనట్టు కూర్చున్నాడు. బండి కదిలింది. నేను పక్కనే నడుస్తూ చక్రం దగ్గర చెవి పెట్టాను.

అనుకోనిది అప్పుడు జరిగింది. పసుపు చల్లిన బెల్లం మోసుకుని, చెప్పులు లేని మనిషి నడుపుతూ, చప్పుడు లేకుండా వస్తున్న బండిని చూసి బజారు ఏమనుకోవాలి? డప్పులవాళ్లు ముందుకు వచ్చారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఒకావిడ దండం పెట్టి తన చేతిలోని బెల్లం ముద్దను దిమ్మల మీద పెట్టింది. జాతరకు పోలేనివాళ్లందరికీ దారి దొరికినట్టయింది. నాది గూడ పెట్టు, నాది గూడ చేర్చు అని ఇళ్లలోంచి వచ్చి పెడుతున్నారు. ఒకాయన ఏకంగా దిమ్మే పెట్టాడు.

"ఓ అన్నా, ఇది ట్రయలు, జాతర కాదు" అని మెకానిక్ మొత్తుకున్నాడు. అతని మాట డప్పులో కలిసిపోయింది. "నా బరువు గూడ లెక్కేసుకో మరి" అన్నాడు నాతో, ఏడుపు ముఖంతో.

నేను మాత్రం చక్రాన్ని వదలకుండా పక్కనే నడుస్తున్నాను. వంతెన కట్టినవాళ్లు దాని మీద అవసరానికి మించిన బరువు మోపి చూస్తారని ఎక్కడో చదివాను. ఇప్పుడు అదే జరుగుతోంది, మేము అడగకుండానే! స్టేషన్ మలుపు దగ్గర అదే గుంత వచ్చింది, ఆమె బండి పుల్లలు తెగిన గుంత. వెనక్కి తిరిగి చూశాను. అవ్వ జనం మధ్యలో ఆగిపోయింది. చేతిలో మలారం లేదు కాబట్టి తన చేతి గాజులే తడుముతోంది. చక్రం గుంతలో దిగింది. నేను నేల మీద మోకాళ్లు ఆనించాను. టైరు కొంచెం నొక్కుకుంది. ఎక్కింది. టంగ్ అనలేదు. బండి ముందుకు పోయింది, డప్పు దాని ముందు పోయింది.

బస్టాండులో బంగారమంతా దించి బస్సెక్కించాక ఆమె ఖాళీ బండి దగ్గరికి వచ్చింది. వంగి వెనక టైరును ముట్టి చూసింది. "ఊరి బంగారం మోసినవ్. ఇగ నన్ను మొయ్యవా?" అంది, బండితోనే. అని ఆ జాతర బస్సులోనే మొక్కు చెల్లించడానికి పోయింది.

తిరిగొచ్చాక పొద్దున పూట బడి మైదానంలో నేర్చుకుంది. పడింది, లేచింది, మైదానాన్ని తిట్టింది. చప్పుడు లేని బండికి దారిలో ఎవరూ పక్కకు జరగడం లేదని జత తప్పిన గాజులన్నీ దారానికి గుచ్చి హ్యాండిల్‌కు కట్టింది. హారన్ కంటే అదే మేలైంది. ఊళ్లలో ఆ గలగల వినబడగానే ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చేవాళ్లట. చార్జింగ్ తండాలోనే ఎవరింట్లోనో పెట్టుకునేది. అది ఎక్కేదాకా ఆ ఇంటి చేతులన్నీ చూసేది. వారం వారం మెకానిక్ పుల్లలు మీటి పంపేవాడు. నేను గాలి చూసేవాణ్ని.

ఎక్కువ తలుచుకునేది మాత్రం ఆమె మొదటిసారి దంతాలపల్లి దాకా ఒంటరిగా పోయిన రోజు. నేను పొద్దటి నుంచీ ఏ పనీ చేయలేదు. పొద్దు వాలుతుండగా గలగల వినబడింది. ఆమె వస్తోంది, మలారం సగం ఖాళీ. కానీ బండి మీద ఆమె ఒక్కతే లేదు. వెనక, ఆమె వీపుకూ మలారానికీ మధ్య, బక్క డ్రైవర్ ఇరుక్కుని కూర్చున్నాడు. అతని ఆటో తొర్రూరు దాటాక దారిలో ఆగిపోయిందట. చీకటి పడేలా ఉంటే ఈమె ఆపి ఎక్కమందట. ఎక్కేముందు ఏమందో అతనే దిగి, తల దించుకుని, నవ్వాపుకోలేక చెప్పాడు.

"'నడుమ కూసో బిడ్డా, బండి ఒరుగుతది' అన్నది."

నేను ఆ మాటకు నవ్వుతూనే వెనక చక్రం దగ్గర కూర్చుండిపోయాను. ఒక్కొక్క పుల్లనూ మీటి చూస్తున్నాను. అన్నీ మోగుతున్నాయి. పైనుంచి ఆమె గొంతు వినబడింది.

"ఏం సూస్తున్నవ్ రెండెనిమిదీ. లే, నా బండికి చీటీ రాయి."